మగ్గుకు పావుకిలో

తల్లి పోయిన ఐదో వారంలో మగ్గు పోయింది.

ఆ రోజు శుక్రవారం. టీచరమ్మ బడినుంచి వచ్చి, చెప్పులు విడిచి, సంచి మేకుకు తగిలించి, కాళ్ళయినా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళింది. పిండి డబ్బా మూత తీసింది. పిండి ఉంది. పిండిమీద బోర్లించి ఉండాల్సిన మగ్గు లేదు.

ఆమెకు ఆ డబ్బాతో పనేమీ లేదు. వంట మరదలిది. కానీ తల్లి పోయిన దగ్గర్నుంచి రోజుకొకసారి ఆ మూత తీయడం, మగ్గును ఒకసారి చూడటం, మళ్ళీ మూత పెట్టడం అలవాటైంది. తెల్ల పింగాణీ పూత, నీలం అంచు, చెవి దగ్గర పెచ్చు ఊడిన నల్లమచ్చ. నలభై ఏళ్ళుగా తల్లి చేసిన ప్రతి కేకూ ఆ మగ్గుతో కొలిచిందే. ఆవిడ రాసుకున్న పుస్తకంలో గ్రాము అన్న మాటే కనపడదు. పిండి మూడు మగ్గులు, పంచదార మగ్గున్నర, వెన్న మగ్గు, పాలు అరమగ్గు, గుడ్లు ఆరు. ఆ మగ్గే లేకపోతే ఆ పుస్తకం ఎందుకు?

మరదలు కిటికీ పక్కన కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతోంది. మగ్గేదని అడిగితే, "ఏమో వదినా, ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది," అంది. తల ఎత్తలేదు.

ఆ ఎత్తని తల దగ్గరే మొదలైంది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్న మనిషి ఆమె. సుద్దముక్క ఎవరు విసిరారని అడిగితే విసరని వాళ్ళంతా తలెత్తి చూస్తారు. విసిరినవాడు పుస్తకంలో తల దూర్చి శ్రద్ధగా చదువుతుంటాడు. చిక్కుళ్ళు గిల్లడం కూడా అలాంటి చదువేనని ఆమెకు తోచింది.

సోమవారం హెడ్మాస్టరుగారు పిలిచి, సెలవులకు బడి మూసే రోజున ఎప్పటిలా కేకు ఉంటుందా అని మొహమాటంగా అడిగారు. ఇరవై ఏళ్ళుగా ఆ రోజున పంతుళ్ళందరికీ టీచరమ్మ తల్లి చేసిన వెన్న కేకే. ఈ ఏడు వద్దులెండి, మీకు కష్టం అని కూడా ఆయనే అన్నారు. "ఉంటుందండీ," అంది టీచరమ్మ. అన్న తర్వాత మెట్లు దిగుతూ రోజులు లెక్కపెట్టుకుంది. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఆమె జన్మలో ఒకే ఒక్కసారి కేకు చేసింది, అదీ పధ్నాలుగో ఏట.

కానీ ఆ ఒక్కసారీ చక్కగా వచ్చింది. అందుకే ఆమెకు ధైర్యం. ఆ కేకు అమ్మ చూసి చేసింది కాదు, తను కనిపెట్టిన లెక్కతో చేసింది. ఆ ఏడాదే బడిలో తూకాలూ కొలతలూ నేర్చుకుని, ఇంటికొచ్చి అమ్మ మగ్గును శాస్త్రప్రకారం కొలిచి, ఒక అట్టమీద ఎర్రసిరాతో శీర్షిక పెట్టి, గుండ్రటి అక్షరాలతో రాసింది. మగ్గుకు రెండువందల యాభై గ్రాములు. అరమగ్గుకు నూట పాతిక. పావుమగ్గుకు అరవై రెండున్నర. కింద గీత గీసి, "పిండి, పంచదార, వెన్న, పాలు, అన్నిటికీ ఇదే" అని ఒక వాక్యం. తల్లి ఆ అట్టకు అద్దం కట్టించి పొయ్యి పక్క గోడకు తగిలించింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ పటం చూపించి తర్వాతే మంచినీళ్ళిచ్చేది. అద్దం మీద ఇప్పుడు నూనెజిడ్డు పేరుకుంది. అయినా టీచరమ్మకు చూడాల్సిన పనిలేదు, కంఠతా వచ్చు.

మగ్గు పోతే పోయింది, లెక్క ఉంది కదా అనుకుంది. బడి ల్యాబులోని చిన్న కాటాను అడిగి తెచ్చుకుంది. ఆదివారం నాడు మరదల్ని వంటింట్లోంచి మర్యాదగా బయటికి పంపించి, మూడు మగ్గుల పిండికి ఏడువందల యాభై గ్రాములు, మగ్గున్నర పంచదారకు మూడువందల డెబ్భై అయిదు, వెన్న పావుకిలో, గ్రాము అటూ ఇటూ పోకుండా తూచింది. కలుపుతుంటే గరిటె నిలబడిపోయింది. అమ్మ కలిపితే జారుగా ఉండేదే అనుకుని ఇంకాస్త పాలు పోసింది. ఓవెన్లోంచి తీశాక కేకు పొంగలేదు సరికదా, పైన బీటలు వారి ఎండిన చెరువులా ఉంది.

తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. ఏది పెట్టినా తినే మనిషి. ఒక ముక్క చాలాసేపు నమిలి, "అక్కా, ఇది నాకిచ్చెయ్. ఏటవాలులో బస్సు ఆపినప్పుడు చక్రం కింద పెట్టుకుంటా," అన్నాడు. మరదలు నవ్వలేదు. పెదవులు బిగబట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వి ఉంటే టీచరమ్మ కూడా నవ్వేసేదేమో.

రెండోది మంగళవారం సాయంత్రం. ఈసారి బేకింగ్ పౌడరు కొత్త డబ్బా తెచ్చింది, పాతదాంట్లో ఎవరైనా ఏదైనా కలిపారేమోనని. ఆ "ఎవరైనా" అన్నచోట ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే. రెండో కేకు మొదటిదానికి తోబుట్టువులా వచ్చింది.

పిండికొద్దీ రొట్టె అంటారు. పిండి తను తూచింది, లెక్క తనది, లెక్క సరైందని పధ్నాలుగో ఏటే రుజువైంది. మరి చెడింది ఎక్కడ? అమ్మ దగ్గర ఇంకేదో కిటుకు ఉండి ఉండాలి. అది పుస్తకంలో రాయలేదు. ఎనిమిదేళ్ళు పగలంతా ఆ వంటింట్లో అమ్మ పక్కన నిలబడింది ఎవరు? మగ్గు మాయమైంది ఎవరి చేతిమీదుగా? అనుమానం మొలకెత్తడానికి నీళ్ళక్కర్లేదు.

ఆ రోజునుంచి ఆమె మరదల్ని జవాబు పత్రం దిద్దినట్టు చూడటం మొదలుపెట్టింది. తను వంటింట్లోకి రాగానే మరదలు మాట ఆపుతుంది. తను తూస్తుంటే గుమ్మం దాకా వచ్చి, నోరు తెరిచి, మూసుకుని వెళ్ళిపోతుంది. ఒకసారి ఏదో కాగితం కొంగుకింద దాచింది. "ఏంటది?" అంటే, "చాకలిపద్దు వదినా," అంది. చాకలి వచ్చి రెండు నెలలైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వ్యవహారం.

బుధవారం పొద్దున టీచరమ్మ ఒక పని చేసింది. చేసినందుకు తనకే సిగ్గేసింది, అయినా చేసింది. పిండి డబ్బా లోపలివైపు, పిండి ఎంతవరకు ఉందో అంతవరకు పెన్సిలుతో సన్నగా గీత గీసింది. సాయంత్రం వచ్చి చూస్తే పిండి గీతకు వేలెడు కిందకు దిగి ఉంది. ఆ రోజు ఇంట్లో పిండితో చేసినదేదీ లేదు. గురువారం ఇంకో వేలెడు.

శుక్రవారం పొద్దున్నే తమ్ముడు వరండాలో బూట్లు తొడుక్కుంటుంటే పక్కన నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది. నీ భార్య ఈ ఇంట్లో ఏదో దొంగచాటుగా చేస్తోంది, అమ్మ వస్తువులు మాయమవుతున్నాయి, సామాను మాయమవుతోంది, నేను కళ్ళారా చూశాకే చెబుతున్నాను అంది. దొంగ అన్న మాట విడిగా అనలేదు. దొంగచాటు అన్న మాటలో అది ఉండనే ఉంది. తమ్ముడు లేసు ముడి రెండుసార్లు వేసి, రెండుసార్లు విప్పాడు. అన్నం డబ్బా బల్లమీదే వదిలేసి డిపోకు వెళ్ళిపోయాడు.

సోమవారం బడికి ఒంటిపూటే. మధ్యాహ్నం ఒంటిగంటకు టీచరమ్మ వీధి మలుపు తిరుగుతుండగానే వాసన తగిలింది. వెన్న కాగుతున్న వాసన, దాని వెనకే పంచదార మాగుతున్న వాసన. ఆ వాసన వేసి మూడు నెలలైంది. ఆమె నడక ఆగిపోయింది. ఒక్క క్షణం, తప్పని తెలిసే, అమ్మ ఇంట్లో ఉందనుకుంది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. మరదలు లేదు, పెరట్లో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. వంటింట్లో అరుగు తుడిచి ఆరబెట్టినట్టుంది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఓవెన్ మీద అరచెయ్యి ఆనిస్తే వేడిగా ఉంది. కేకు మాత్రం ఎక్కడా లేదు.

ముప్పై ఏళ్ళలో ఏ పిల్ల సంచీ వెతకని మనిషి, ఆ రోజు తమ్ముడివాళ్ళ గదిలోకి వెళ్ళి బట్టల బీరువా తెరిచింది. తువ్వాళ్ళ దొంతర వెనక మూడు వస్తువులున్నాయి. అరచేతంత ఒక కాటా, దాని పైపలక వాడి వాడి మసకబారింది. అట్టలేని ఒక నోటుపుస్తకం. పలచటి గుడ్డ కప్పిన పళ్ళెం. గుడ్డ తీస్తే గుండ్రటి కేకు, మధ్యలో కొంచెం ఉబ్బి, అంచుల్లో గోధుమరంగు తిరిగి, ఇంకా గోరువెచ్చగా.

అంచు కొంచెం తుంచి నోట్లో పెట్టుకుంది. అలాగే మంచం అంచున కూర్చుండిపోయింది.

మరదలు మడతపెట్టని బట్టలు భుజాన వేసుకుని లోపలికొచ్చింది. తెరిచిన బీరువా చూసింది, వదినను చూసింది. బట్టలు కుర్చీలో వేసి నిలబడింది.

"ఇది అమ్మది," అంది టీచరమ్మ.

"అవును వదినా."

"నీ దగ్గర పెట్టుకుని, నేను రాళ్ళు కాలుస్తుంటే చూస్తూ ఊరుకున్నావు."

టీచరమ్మ నోటుపుస్తకం తెరిచింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా అంకెలు స్పష్టంగా ఉన్నాయి. జల్లించిన పిండి మూడు మగ్గులు, 375. పంచదార మగ్గున్నర, 315. వెన్న మగ్గు, 240. ఆమె చూపుడువేలు మొదటి అంకె మీద ఆగింది. తప్పు లెక్క కనపడితే ఆ వేలు దానంతటదే ఆగుతుంది.

"మగ్గు పిండికి నూట పాతికా? సగానికి సగం తప్పు. మా అమ్మ మగ్గుకు పావుకిలో పడుతుంది. నేను కొలిచాను. నా చేత్తో కొలిచి రాశాను."

"పావుకిలో నీళ్ళు, వదినా," అంది మరదలు.

టీచరమ్మ ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లల్ని మొదటిరోజు ఒక ప్రశ్న అడుగుతుంది. కిలో ఇనుము బరువా, కిలో దూది బరువా? ఎవడో ఒకడు ఇనుము అంటాడు, తరగతంతా నవ్వుతుంది. తర్వాత ఆమె ఒకే సీసాలో ఒకసారి నీళ్ళూ ఒకసారి ఇసుకా పోసి తూచి చూపిస్తుంది. పాత్ర ఒకటే అయినంత మాత్రాన బరువు ఒకటే అవుతుందా అని అడిగి, కాదు అని అందరిచేతా ఒకేసారి చెప్పిస్తుంది. ముప్పైసార్లు చెప్పించింది. ముప్పై ఏళ్ళూ సాయంత్రం ఇంటికొచ్చి ఆ పటం కిందే కూర్చుని కాఫీ తాగింది.

మరదలు వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు తెచ్చింది. మసకబారిన కాటామీద నీళ్ళతో ఒకసారి, తుడిచి, జల్లించిన పిండి పోసి చాకుతో పైన గీసి ఒకసారి పెట్టింది. రెండో అంకె మొదటిదానికి సగం దగ్గర ఆగింది. టీచరమ్మ చూడకుండానే తల ఊపింది.

"కానీ నేను చేశాను కదా," అంది. ఆమె గొంతు పిల్ల గొంతులా ఉంది. "పధ్నాలుగో ఏట. ఆ లెక్కతోనే. బాగా వచ్చింది."

మరదలు చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మం వైపు చూసింది. తర్వాత నేలమీద కూర్చుని, బట్టలు మడతపెడుతూ చెప్పింది. ఆ రోజు మీరు గుడ్లు తేవడానికి కొట్టుకు వెళ్ళారట. అత్తయ్య మీ గిన్నెలోంచి సగం పిండి తిరిగి డబ్బాలో పోసేసిందట. ఈ సంగతి నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. ఎందుకంటే నేనూ ఆ పటం చూసే రెండు కేకులు రాళ్ళు చేశాను. ఇంటర్ చదివానంటుంది, కొలత చూసి కేకు చెయ్యడం కూడా రాదా అని అప్పుడు మీరు నవ్వారు.

టీచరమ్మకు గుర్తొచ్చింది. నిజమే, అప్పుడు నవ్వింది.

"ఆ రాత్రి అత్తయ్య నన్ను పిలిచి అంతా చెప్పింది. దానికి మాత్రం చెప్పకు, చిన్నప్పుడు ఎంత ముచ్చటపడి రాసిందో నీకు తెలీదు, ఆ పటం తప్పంటే అది తిండి మానేస్తుంది అంది. నేను మాటిచ్చాను. అత్తయ్యకు చేతులు వణకడం మొదలయ్యాక ఈ రెండేళ్ళూ నేనే తూచేదాన్ని. ఆవిడ స్టూలుమీద కూర్చుని, ఇంకొంచెం, చాలు, అనేది. మీరు బడికి పోయాక చేసేవాళ్ళం. మీరు వచ్చేలోగా కాటా ఇక్కడ పెట్టేసేదాన్ని."

అంటే రెండేళ్ళుగా తను తిన్నది ఈ పిల్ల తూచిన కేకు. బడిలో అందరూ అమ్మ చెయ్యి అని మెచ్చుకున్నదీ అదే. టీచరమ్మ ఇంకొక తునక తుంచి నోట్లో పెట్టుకుంది. రుచిలో తేడా ఏమీ లేదు. అమ్మది కాదు అనుకుని తిన్నా అమ్మదే.

"మరి ఈ వారం ఎందుకు చేస్తున్నావు, దాచిపెట్టి?"

"బడి మూసే రోజున పొద్దున్నే మీ కేకు తీసేసి, డబ్బాలో నాది పెట్టి పంపిద్దామనుకున్నా. మీరు చేసిందే అనుకుంటారు కదా. అత్తయ్య లేకుండా వస్తుందో రాదో అని రోజూ చేసి చూసుకుంటున్నా. చేసినవి వెనకింటివాళ్ళకిచ్చేస్తున్నా."

"మగ్గు?"

ఈసారి మరదలు తల ఎత్తింది. "మగ్గు నేనే పారేశాను వదినా. అడుగు చిల్లుపడింది. పెచ్చులు ఊడి పిండిలో కలుస్తున్నాయి. అడిగితే మీరు పారెయ్యనివ్వరు. అందుకే అడగలేదు. అది మాత్రం నా తప్పే."

అనుమానపడ్డదాంట్లో ఆ ఒక్కటి నిజం. ఆ ఒక్కటీ నిజం కాకపోయినా బాగుండు అనిపించింది టీచరమ్మకు. కోపం తెచ్చుకోవడానికి చూసింది కానీ రాలేదు.

"ఆడపడుచు అర్ధమొగుడంటారు," అంది మరదలు ఆఖరి చీర మడిచి పైన పెడుతూ. "మీరు పూర్తి హెడ్మాస్టరు. మీ ముందు నిలబడి మీ లెక్క తప్పు అనడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది." అని, తనే కొంచెం నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది.

బడి మూసే రోజు శుక్రవారం. ముందురోజు సాయంత్రం ఇద్దరూ కలిసి చేశారు. టీచరమ్మకు జల్లెడ పట్టే పని మాత్రమే ఇచ్చింది మరదలు. కుదించకండి వదినా, కుదిస్తే బరువు మారుతుంది, పడినదాన్ని పడినట్టే ఉండనివ్వండి అంది. టీచరమ్మ చెప్పినట్టే చేసింది. తూచేది మరదలు. అంకె దగ్గరికి రాగానే ఇద్దరూ ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం, చాలు, అనుకున్నారు. అది ఎవరి మాటో ఇద్దరికీ తెలుసు.

కేకు బాగా వచ్చింది. పంతుళ్ళ గదిలో లెక్కల మాస్టారు రెండో ముక్క తీసుకుంటూ, అమ్మగారి చెయ్యి ఎక్కడికీ పోలేదండీ అన్నారు. మా మరదలు చేసిందండీ అని టీచరమ్మ చెప్పింది. ఆయనొక్కరికే కాదు, గదిలో అందరికీ వినపడేలా చెప్పింది.

ఇంటికొచ్చేసరికి మరదలు ఖాళీ డబ్బా అందుకుని, అందరూ తిన్నారా, ఏమన్నారు అని వరసగా అడిగింది. అన్నీ చెప్పించుకుంది. డబ్బా కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే ఇంకో మాట అడిగింది.

"వదినా, మీ తమ్ముడు వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం డబ్బా కూడా తీసుకెళ్ళటం లేదు. రాత్రి బీరువా అంతా వెతికాడు. ఏం పోయిందంటే చెప్పడు. మీకేమైనా చెప్పాడా?"

కుళాయి నీళ్ళు డబ్బాలో పడుతున్నాయి. "లేదు," అంది టీచరమ్మ. "నేను అడుగుతాలే."

అది జరిగి నాలుగు రోజులైంది. రోజూ పొద్దున తమ్ముడు వరండాలో బూట్లు తొడుక్కుంటాడు. రోజూ ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది. అతను మెకానిక్కు, ఒక్క బోల్టు వదులైందని చెబితే బండి మొత్తం విప్పి చూసే మనిషి. ఒక్కమాట చాలు, తప్పు నాది అని. బస్సు హారను వినపడగానే అతను లేచి వెళ్ళిపోతాడు.

తమ్ముడికి ఆమె ఇంకా చెప్పలేదు.